పాత గిటార్ క్యాబ్‌ని స్టీరియో చెయ్యాలా? ముందు వైరింగ్, తర్వాతే కొత్త స్పీకర్లు

పాత 4×12 క్యాబ్ (నాలుగు 12 అంగుళాల స్పీకర్లున్న డబ్బా) ఒకటి చవగ్గా దొరగ్గానే మనవాళ్ళు చేసే మొదటి పని ఫోన్ తీసి కొత్త స్పీకర్ల రేట్లు చూడటం. ఆగండి బాస్. స్పీకర్ మారిస్తే టోన్ మారుద్ది గానీ స్టీరియో రాదు. స్టీరియో అనేది క్యాబ్ వెనకున్న జాక్ ప్లేట్ దగ్గర, దాని లోపలి వైరింగ్ దగ్గర, మీ దగ్గర రెండు పవర్ యాంప్ (స్పీకర్లని నడిపే యాంప్) ఛానెల్స్ ఉన్నాయా లేదా అన్నదాని దగ్గర తేలే విషయం. అందుకే నేను ఎవరు అడిగినా ఒకటే చెప్తా, ఉన్న పాత స్పీకర్లతోనే ముందు స్టీరియో వైరింగ్ చేసెయ్యండి, రెండు జాకులు, కాస్త వైరు, కొన్ని లగ్గులు (స్పీకర్ టెర్మినల్‌కి తోసే క్లిప్పులు), అంతే ఖర్చు, దాంతో ఓ వారం వాయించి విన్నాక స్పీకర్లు మార్చాలా వద్దా, మారిస్తే ఏవి అన్నది మీకే తెలిసిపోతుంది. ముందే స్పీకర్లు కొంటే వేలల్లో పెట్టి ఊహ మీద కొన్నట్టు.

అసలు ఒకే డబ్బాలో స్టీరియో ఏంటి అని డౌట్ రావచ్చు. దీనికి బెస్ట్ ఉదాహరణ రోలండ్ జేసీ-120 గిటార్ యాంప్, 1975లో వచ్చింది, లోపల రెండు 12 అంగుళాల స్పీకర్లు, ఒక్కోదానికి విడిగా 60 వాట్ల యాంప్. దాని కోరస్ మోడ్‌లో ఒక స్పీకర్‌లోంచి మామూలు గిటార్ సౌండే వస్తుంది, రెండో దాంట్లోంచి పిచ్ కొంచెం పైకీ కిందకీ ఊగే సౌండ్ వస్తుంది, ఈ రెండూ సర్క్యూట్‌లో కలవవు, గదిలో గాల్లో కలుస్తాయి. అందుకే ఆ కోరస్ అంత పెద్దగా, చుట్టూ తిరిగినట్టు వినిపిస్తుంది. అదే సర్క్యూట్‌ని బాక్సులో పెట్టి మరుసటి ఏడాది రోలండ్ వాళ్ళే తమ బాస్ (Boss) బ్రాండ్ కింద సీఈ-1 పెడల్‌గా వదిలారు. మన పాత క్యాబ్‌తో చేయబోయేది కూడా ఇదే పని, ఎడమ పక్క స్పీకర్లకి ఒక సిగ్నల్, కుడి పక్క వాటికి ఇంకోటి.

ఒక్క విషయం మాత్రం నిజాయితీగా చెప్పాలి. క్యాబ్‌లో స్పీకర్ల సెంటర్ల మధ్య దూరం ఓ అడుగు పైచిలుకు, అంతే. మీరు 3 మీటర్ల దూరంలో నిలబడితే ఆ రెండింటి మధ్య కోణం 7 డిగ్రీలు దాటదు, అదే ఇంట్లో మ్యూజిక్ వినే స్పీకర్లని 60 డిగ్రీల కోణంలో పెట్టుకోమంటారు. కాబట్టి పింగ్ పాంగ్ డిలే ఆ గోడ నుంచి ఈ గోడకి దూకుద్ది అనుకుంటే నిరాశే. కోరస్, రెండు పక్కలా టైమ్ తేడా ఉన్న డిలే, స్టీరియో రివర్బ్, ఇవి మాత్రం అదిరిపోతాయి, ఎందుకంటే వాటికి కావాల్సింది దూరం కంటే ముందు రెండు సిగ్నల్స్ వేరుగా ఉండటం.

ఇక క్యాబ్ ముట్టుకునే ముందు సిగ్నల్ సంగతి చూసుకోండి. గిటార్‌లోంచి వచ్చేది మోనోనే, అది పెడల్ దగ్గరో మోడెలర్ (యాంప్, ఎఫెక్టుల సౌండ్‌ని డిజిటల్‌గా అనుకరించే పెట్టె) దగ్గరో రెండుగా చీలాలి, అంటే లెఫ్ట్ రైట్ రెండు అవుట్‌లు ఉన్న పెడల్ కావాలి, అక్కడి నుంచి రెండు యాంపులు గానీ ఒక స్టీరియో పవర్ యాంప్ గానీ. హెచ్ఎక్స్ స్టాంప్ లాంటి మోడెలర్ వాడేవాళ్ళు అందులో క్యాబ్ సిమ్యులేషన్ (స్పీకర్ డబ్బా సౌండ్‌ని అనుకరించేది) ఆపెయ్యాలి, లేకపోతే క్యాబ్ మీద క్యాబ్ పడి దుప్పటి కప్పుకుని పాడినట్టు వస్తుంది సౌండ్, జనం ఆ తప్పంతా పాపం స్పీకర్ల మీదకి నెడతారు.

ఇప్పుడు క్యాబ్. దుప్పటి పరిచి బోర్లా పడుకోబెట్టండి, 4×12 అయితే ఒక్కళ్ళే ఎత్తకండి, నడుం పట్టేస్తుంది. వెనక ప్యానెల్ స్క్రూలు చేత్తోనే తియ్యండి, డ్రిల్లు పెట్టి గిర్రున తిప్పితే పాత ప్లైవుడ్‌లో రంధ్రాలు వదులైపోతాయి. ఆల్రెడీ వదులైపోయి ఉంటే అగ్గిపుల్లలు రెండు మూడు ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలోకి దోపి, పైకి వచ్చింది కోసేసి, ఒక రాత్రి ఆరనిస్తే మళ్ళీ గట్టిగా పట్టుకుంటుంది. ప్యానెల్ తీశాక ఇంకేదీ పీకకముందే ఫోన్‌తో నాలుగు ఫోటోలు తియ్యండి, ఏ వైరు ఎటు పోయిందో తర్వాత గుర్తుండదు.

స్పీకర్ వెనక మాగ్నెట్ మీద స్టిక్కర్ ఉంటుంది, అందులో వాట్లు, ఓమ్స్ (కరెంటుకి ఆ స్పీకర్ ఇచ్చే అడ్డు) రాసుంటాయి. స్టిక్కర్ చిరిగిపోయి ఉంటే వైర్లు రెండూ పీకేసి మల్టీమీటర్ పెట్టండి. మీటర్ చూపించేది డీసీ రెసిస్టెన్స్, అది రాసిన దానికంటే ఎప్పుడూ కొంచెం తక్కువే ఉంటుంది, 6 నుంచి 7 మధ్య చూపిస్తే అది 8 ఓమ్స్ స్పీకర్, 12 నుంచి 14 మధ్య చూపిస్తే 16 ఓమ్స్. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగినట్టే. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉన్న క్యాబ్ అయితే టెర్మినల్స్ మీద పచ్చగా చిలుం పట్టి ఉంటుంది, ముందు అది గీకి అప్పుడు కొలవండి. అలాగే స్పీకర్ మధ్యలో ఉండే బుడిపె, అదే డస్ట్ క్యాప్, దానికి రెండు పక్కలా వేళ్ళు పెట్టి కోన్‌ని (చుట్టూ ఉన్న పేపర్ గరాటుని) సమంగా, మెల్లగా లోపలికి నొక్కి చూడండి, గరగర అని గీసుకుంటున్న శబ్దం వస్తే వాయిస్ కాయిల్ రాసుకుంటోంది, ఆ స్పీకర్ మీద ఆశ వదులుకోండి.

లెక్క సింపులే. సిరీస్ అంటే ఒకదాని మైనస్ ఇంకోదాని ప్లస్‌కి, ఓమ్స్ కూడుకుంటాయి. ప్యారలల్ అంటే ప్లస్‌లన్నీ ఒక చోట, మైనస్‌లన్నీ ఒక చోట, ఒకేలాంటి రెండు కలిపితే ఓమ్స్ సగమవుతాయి. పాత 4×12లలో ఎక్కువగా కనిపించేది నాలుగు 16 ఓమ్స్ స్పీకర్లు సిరీస్-ప్యారలల్‌లో కలిపి మొత్తం 16 ఓమ్స్ చెయ్యడం. దాన్ని స్టీరియో చెయ్యాలంటే ఎడమ పక్క పైదీ కిందదీ ప్యారలల్, అది 8 ఓమ్స్, కుడి పక్క రెండూ ప్యారలల్, అది ఇంకో 8 ఓమ్స్. స్టీరియో పవర్ యాంపులకి 8 ఓమ్స్ హాయిగా సరిపోయే లోడు, ఇంతకంటే మంచి కేసు ఉండదు. నాలుగూ 8 ఓమ్స్‌వి అయితే ప్యారలల్ చేస్తే పక్కకి 4, సిరీస్ చేస్తే పక్కకి 16, అప్పుడు మీ యాంప్ వెనక మినిమమ్ ఎంత రాసుందో చూసి తేల్చుకోండి. ట్రాన్సిస్టర్ యాంప్‌కి రాసిన దానికంటే తక్కువ ఓమ్స్ ఇవ్వకూడదు, ఎక్కువ ఇస్తే ఏం కాదు, పవర్ తగ్గుతుంది అంతే, 8 దగ్గర ఇచ్చేదాంట్లో సుమారు సగమే 16 దగ్గర వస్తుంది. ట్యూబ్ యాంప్ అయితే వెనకున్న ఓమ్స్ సెలెక్టర్‌ని క్యాబ్‌కి మ్యాచ్ చెయ్యాలి, స్పీకర్ లేకుండా అసలు ఆన్ చేసి వాయించకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ఇక 2×12 వాళ్ళకి ఇంత లెక్క కూడా లేదు, ఒక స్పీకర్ ఒక జాక్‌కి, ఇంకోటి ఇంకో జాక్‌కి.

మార్షల్ 1960ఏ (ఇది మోడల్ పేరు, సంవత్సరం కాదు) లాంటి క్యాబ్ కొత్త తరంది అయితే మీకు ఈ వైరింగ్ పనే లేదు, వెనక ప్లేట్ మీదే మోనో స్టీరియో స్విచ్ ఉంటుంది, మోనోలో 4 లేదా 16, స్టీరియోలో పక్కకి 8 ఓమ్స్. కానీ ఆ స్విచ్‌తో ఒక ప్రమాదం ఉంది. రెండు యాంపులు తగిలించి వాయిస్తున్నప్పుడు ఎవరైనా దాన్ని మోనో వైపు నొక్కితే రెండు యాంపుల అవుట్‌పుట్లు ఒకదానికొకటి కలిసిపోతాయి, ఆ రాత్రి ఒకటో రెండో యాంపులు రిపేర్‌కి పోవాల్సిందే. స్టీరియోకే వాడే క్యాబ్ అయితే ఆ స్విచ్ మీద గట్టి టేపు వేసెయ్యండి. మీరు కొత్తగా ప్లేట్ చేయిస్తుంటే స్విచ్ పెట్టే ఆలోచనే వద్దు, రెండు జాకులు, మధ్యలో ఏ కనెక్షనూ లేకుండా, అంతే.

ఈ జాకుల గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎవరూ పట్టించుకోనిదీ, యాంప్ కాలిపోయేదీ ఇక్కడే. ఇప్పుడొచ్చే చిన్న సైజు క్లాస్ డీ స్టీరియో పవర్ యాంపుల్లో చాలావాటి అవుట్‌పుట్ బ్రిడ్జ్ పద్ధతిలో ఉంటుంది. అంటే నెగటివ్ టెర్మినల్ అనేది గ్రౌండ్ కాదు, దాంట్లో కూడా సిగ్నల్ నడుస్తూనే ఉంటుంది. ఇప్పుడు మీరు మెటల్ బాడీ ఉన్న రెండు జాకులు తెచ్చి ఒకే ఇనప ప్లేట్‌కి బిగించారనుకోండి, జాక్ బాడీయే స్లీవ్ (ప్లగ్ కొన టిప్, వెనక గొట్టం స్లీవ్, స్టీరియో ప్లగ్‌లో మధ్య పట్టీ రింగ్), స్లీవ్ అంటే నెగటివ్, ప్లేట్ ద్వారా ఎడమ నెగటివ్, కుడి నెగటివ్ రెండూ కలిసిపోయాయి. పాత యాంప్‌తో ఏమీ కాకపోవచ్చు, బ్రిడ్జ్ యాంప్‌తో అయితే ప్రొటెక్షన్‌లోకి పోయి ఆగిపోతుంది లేదా పొగ వస్తుంది. ఒకే స్టీరియో జాక్‌తో, టిప్‌కి ఎడమ, రింగ్‌కి కుడి అని చేసినా అదే గొడవ, నెగటివ్ కామన్ అయిపోయింది. అందుకని ప్లాస్టిక్ బాడీ జాకులు వాడండి, లేదా ప్లేటే ప్లాస్టిక్‌దో చెక్కదో పెట్టండి. బిగించాక మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో పెట్టి ఒక ప్రోబ్ ఎడమ జాక్ స్లీవ్‌కి, ఇంకోటి కుడి జాక్ స్లీవ్‌కి తగిలించండి, బీప్ రాకూడదు. ఈ ఒక్క చెక్ చెయ్యకుండా మాత్రం యాంప్ తగిలించొద్దు.

సామాను కోసం హైదరాబాద్ వాళ్ళు కోఠీ గుజరాతీ గల్లీకి పోతే సరిపోతుంది, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్‌పీ రోడ్. క్వార్టర్ ఇంచ్ మోనో జాక్, ప్లాస్టిక్ బాడీ అని అడగండి. వైరుకి స్పెషల్ బ్రాండ్ ఏమీ అక్కర్లేదు, ఇంటి వైరింగ్‌కి వాడే 1.5 ఎస్‌క్యూఎమ్ఎమ్ కాపర్ వైరు, సన్న పోగులున్నది, ఎరుపు నలుపు రెండూ తీసుకోండి, దానికి స్పీకర్ టెర్మినల్ సైజు చూసుకుని తోపుడు లగ్గులు. నేను సోల్డర్ కంటే లగ్గులకే ఓటేస్తా, ఎందుకంటే మనం రేపు స్పీకర్లు మార్చబోతున్నాం, పైగా టెర్మినల్ దగ్గర ఐరన్ ఎక్కువసేపు పెడితే కోన్‌కి వెళ్ళే ఆ అల్లిన సన్న తీగలోకి సీసం పాకి అది బిరుసెక్కుతుంది, కొన్నాళ్ళకి అక్కడే విరుగుతుంది. జాక్ వైపు మాత్రం సోల్డరే చెయ్యండి. అన్నట్టు యాంప్ నుంచి క్యాబ్‌కి వేసే కేబుల్ స్పీకర్ కేబులే అయ్యుండాలి, గిటార్ కేబుల్ చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ లోపల తీగ సన్నం, యాంప్ పవర్‌కి అది పనికిరాదు, వేడెక్కుతుంది.

వైరింగ్‌లో గుర్తుంచుకోవాల్సింది ఒకటే, జాక్ టిప్ నుంచి స్పీకర్ ప్లస్‌కి, స్లీవ్ నుంచి మైనస్‌కి, ఎడమ పక్క ఎలా చేశారో కుడి పక్క అచ్చం అలాగే. వైర్లని డబ్బా గోడకి క్లిప్పులతో కట్టెయ్యండి, వదులుగా వేలాడితే కోన్‌కి తగిలి టపటప కొట్టుకుంటుంది, ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుందో వెతకలేక చస్తారు.

టెస్టింగ్‌కి మామూలు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ చాలు. కేబుల్ ఒక చివర క్యాబ్‌లో పెట్టి, రెండో చివర ప్లగ్ టిప్‌కి సెల్ ప్లస్, స్లీవ్‌కి మైనస్ ఒక్క క్షణం తాకించి తియ్యండి, ఆ పక్క కోన్లు రెండూ ముందుకి రావాలి. ఒకటి ముందుకి ఒకటి వెనక్కి పోతే దాని ప్లస్ మైనస్ తారుమారైంది, మార్చండి. రెండో జాక్‌కి కూడా ఇదే, అక్కడా ముందుకే రావాలి. పాత జేబీఎల్ స్పీకర్లు అయితే ప్లస్‌కి వెనక్కి కదిలేవి ఉన్నాయి, కాబట్టి ఎరుపు చుక్కని గుడ్డిగా నమ్మకుండా కళ్ళతో చూసి తేల్చుకోండి. ఇంకో చిన్న పరీక్ష, మీటర్ తగిలించి ఓమ్స్ చూస్తూ చేత్తో కోన్‌ని మెల్లగా నొక్కండి, రీడింగ్ ఊగుతుంది, ఎందుకంటే కాయిల్ కదిలితే కరెంటు పుడుతుంది. ఎడమ జాక్‌కి మీటర్ పెట్టి కుడి కోన్ నొక్కినప్పుడు పెద్దగా ఊగకూడదు, ఊగితే వైర్లు ఎక్కడో అడ్డంగా పోయినట్టు. మూసి ఉన్న క్యాబ్‌లో గాలి వల్ల కొంచెం కదలొచ్చు, అందుకే ఈ పని ప్యానెల్ బిగించకముందే చెయ్యండి.

రెండు వేరు వేరు యాంపులు వాడేవాళ్ళకి ఇంకో మెలిక ఉంది. కొన్ని యాంపులు సిగ్నల్‌ని లోపల తలకిందులు చేస్తాయి, అప్పుడు మీ క్యాబ్ వైరింగ్ కరెక్ట్‌గా ఉన్నా ఎడమ కోన్లు ముందుకి వస్తుంటే కుడివి వెనక్కి పోతుంటాయి. తెలుసుకోవడం ఈజీ, ఎఫెక్టులన్నీ ఆపి ఒకే మోనో సిగ్నల్ రెండింటికీ ఇచ్చి గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ మీద వాయించండి, రెండూ కలిపితే బేస్ పెరగాల్సింది పోయి పల్చబడిపోతే అదే కేసు. ఒక పక్క స్పీకర్ కేబుల్‌లో ప్లస్ మైనస్ తిప్పేసిన కేబుల్ ఒకటి చేసుకుని దాని మీద రంగు టేపు చుట్టి పెట్టుకోండి. హమ్ వస్తే అది గ్రౌండ్ లూప్, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేషన్ ఉన్న స్ప్లిటర్ పెడితే పోతుంది. హమ్ పోగొట్టడానికి యాంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ పీకేసే మహానుభావులు మన దగ్గర చాలామంది ఉన్నారు, ఆ పని మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు, ప్రాణం మీదకి వస్తుంది.

ఇక్కడికి వచ్చాక వారం పది రోజులు పాత స్పీకర్లతోనే వాయించండి. అప్పుడు వినిపించే కంప్లయింట్‌ని బట్టి కొనండి. పాత 1960ఏలో ఉండే సెలెషన్ కంపెనీ జీ12టీ-75 స్పీకర్‌కి బేస్, ట్రెబుల్ ఎక్కువ, మిడ్ (వాటి మధ్య స్వరాలు) వెనక్కి ఉంటుంది, బ్యాండ్‌లో మునిగిపోతోంది అని జనం తిడతారు గానీ స్టీరియో కోరస్, క్లీన్ సౌండ్‌కి నిజానికి అది చెడ్డదేం కాదు, ఒక్కోటి 75 వాట్లు కాబట్టి పక్కకి 150 వాట్లు తట్టుకుంటుంది. చర్చిలో వర్షిప్‌కి క్లీన్, డిలే మీదే బతికే గిటారిస్టులకి నేనైతే మార్చొద్దనే చెప్తా. మిడ్ కావాలి, డ్రమ్స్ మధ్యలోంచి చీల్చుకుని రావాలి అంటే ఆ కంపెనీదే వింటేజ్ 30, 60 వాట్లది, 1980ల నుంచి ఉన్నదే, కానీ దాని పై మిడ్ కొంచెం కోస్తుంది, క్లీన్ కోరస్‌లో చెవికి ఎదురుగా కూర్చుంటే తెలుస్తుంది. గ్రీన్‌బ్యాక్ తియ్యగా ఉంటుంది కానీ ఒక్కోటి 25 వాట్లే, రెండు కలిపితే పక్కకి 50, మీ పవర్ యాంప్ పక్కకి 100 అయితే ఎప్పుడో ఒకప్పుడు కాల్చేస్తారు. గ్రీన్‌బ్యాక్ రుచి కావాలి, పవర్ కూడా తట్టుకోవాలి అంటే క్రీమ్‌బ్యాక్ జీ12ఎమ్-65, 65 వాట్లు, స్టీరియోకి నా ఓటు దీనికే.

స్టీరియోలో అసలు రూల్ ఏంటంటే ఎడమ, కుడి ఒకేలా ఉండాలి. డబ్బుల్లేక ముందు ఒక పక్క మాత్రమే కొత్తవి వేస్తా అంటే కుదరదు. జీ12టీ-75 సెన్సిటివిటీ (అదే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో) 97 డీబీ, వింటేజ్ 30ది 100 డీబీ, ఆ 3 డీబీ తేడా అంటే ఒక పక్క యాంప్ పవర్ డబుల్ చేసినంత, సౌండ్ మొత్తం ఆ పక్కకే లాగేస్తుంది. రెండు కొత్తవే కొనగలిగితే ఎదురెదురు మూలల్లో వెయ్యండి, ఎడమ పైన కొత్తది, ఎడమ కింద పాతది, కుడి పైన పాతది, కుడి కింద కొత్తది. అప్పుడు రెండు పక్కలా మిక్స్ ఒకటే, బ్యాలెన్స్ పోదు, పైగా రెండు రకాల టోన్లూ కలిసి బాగుంటుంది. ఓమ్స్ మాత్రం పాతవాటితో సరిగ్గా ఒకటే ఉండాలి.

చవగ్గా వస్తుందని 12 అంగుళాల పీఏ వూఫర్ తెచ్చి బిగిద్దాం అనేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. రంధ్రాలు కూడా ఇంచుమించు సరిపోతాయి, అదే చిక్కు. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక కిందకి పడిపోతుంది, డిస్టార్షన్‌లోని ముళ్ళన్నీ అక్కడే రాలిపోతాయి, దాని మిడ్‌లో ఉండే ఆ గుట్టే గిటార్‌కి గొంతు. పీఏ వూఫర్‌కి ఆ గొంతు ఉండదు, బరువైన కోన్‌తో మొద్దుగా మోగుద్ది లేదా ఫుల్ రేంజ్ రకం అయితే డిస్టార్షన్ పెట్టగానే దోమలు ముసిరినట్టు గీ అంటుంది.

కొత్త స్పీకర్ బిగించేటప్పుడు కోన్ మీద అట్ట ముక్క కప్పి పెట్టండి. మాగ్నెట్ ఎంత బలంగా ఉంటుందంటే స్క్రూడ్రైవర్ మీ చేతిలోంచి పక్కకి లాక్కుంటుంది, అది సూటిగా పేపర్ కోన్‌లోంచి దిగుతుంది, కొత్త స్పీకర్‌కి మొదటి రోజే అతుకు వెయ్యాల్సి వస్తుంది. టెర్మినల్స్ క్యాబ్ మధ్యకి చూసేలా తిప్పి పెడితే వైరు తక్కువ పడుతుంది. నట్లు కారు చక్రానికి బిగించినట్టు ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించాలి, ఒక పక్క పూర్తిగా బిగించేసి రెండో పక్కకి వెళ్తే ఫ్రేమ్ వంకరపోయి కాయిల్ రాసుకుంటుంది. వేళ్ళతో బిగుసుకున్నాక ఇంకో అర చుట్టు, చాలు. కొత్తవి మొదట్లో కొంచెం బిగుసుగా వినిపిస్తాయి, కొన్ని గంటలు వాయిస్తే సర్దుకుంటాయి, మొదటి రోజే నచ్చలేదని రిటర్న్ పెట్టకండి.

డబ్బా మధ్యలో నిలువుగా ప్లైవుడ్ గోడ కట్టాలా అని అడుగుతారు. వెనక ఓపెన్‌గా ఉన్న క్యాబ్‌కి అవసరం లేదు. క్లోజ్డ్ క్యాబ్‌లో ఎడమ కోన్ వెనక్కి కదిలినప్పుడు లోపలి గాలి కుడి కోన్‌ని తోస్తుంది, కాబట్టి గోడ కడితే రెండు పక్కలూ కాస్త విడివిడిగా వినిపిస్తాయి, ఒక్కో స్పీకర్‌కి వచ్చే గాలి చోటు మాత్రం తగ్గదు, ఇంతకు ముందు కూడా పంచుకుంటూనే ఉన్నాయి. కానీ గోడ అంచుల్లో సందులు లేకుండా సీల్ చెయ్యలేకపోతే కట్టకపోవడమే మేలు, సందుల్లోంచి గాలి ఈల వేస్తుంది. నిజంగా వెడల్పే కావాలి అంటే గోడ మీద పెట్టే కష్టం మానేసి రెండో క్యాబ్ వెతకండి, రెండు 1×12లు 2 మీటర్ల ఎడంలో పెడితే ఏ 4×12 స్టీరియో అయినా దాని ముందు చిన్నబోతుంది.

వెనక ప్యానెల్ బిగించాక జాకుల పక్కన మార్కర్‌తో ఎడమ 8 ఓమ్స్, కుడి 8 ఓమ్స్, ఎన్ని వాట్లు అన్నది రాసెయ్యండి, గిగ్‌లో మీ యాంప్ తగిలించేది చాలాసార్లు మీరు కాదు, సౌండ్ వాడి హెల్పర్. తీసిన పాత స్పీకర్లు బాగుంటే కొత్తవి వచ్చిన అట్టపెట్టెల్లోనే పెట్టి, కోన్ మీద ఏ బరువూ లేకుండా దాచండి, జీ12టీ-75లకి సెకండ్ హ్యాండ్‌లో అడిగేవాళ్ళు ఉంటారు.